జలగ రాజు పక్షాన

మొదటి పుస్తకం మిల్లు యార్డులో దొరికింది.
గుజ్జుకు పోవాల్సిన రద్దీ కాగితాల బేలు,
ఏ దేశం నుంచి వచ్చిందో, తీగ తెంపితే
అట్ట లేని ముప్పై రెండు పేజీలు
ఓదెలు కాళ్ల మీద పడ్డాయి.
చొక్కాలో దోపుకుని గేటు దాటాడు.
వాచ్‌మన్ తడిమితే, "పొట్ట పెరిగింది" అన్నాడట.

బల్లార్షాలో చీకటిగట్టు రాజ్యం
మొదలైంది అట్లా.

ఇరవై ముఖాల పాచిక మేం చూడలేదు.
ఇరవై చీటీలు స్టీలు గ్లాసులో వేసి కుదిపేవాళ్లం.
చదివి చెప్పే పని కళావతిది.
మెట్రిక్‌లో తప్పింది, కానీ ఇంగ్లీషులో కాదు,
ఆ మాట ఇప్పటికీ గుర్తుచేస్తుంది.
ఒకచోట లిచ్ అని ఉంది.
డిక్షనరీలో లేదు. ఆ దగ్గర్లోనే లీచ్ ఉంది, జలగ.
అచ్చుతప్పు అనుకుని పెన్నుతో దిద్దేశాం.

ఆ వానాకాలమంతా జలగ రాజుతో కొట్లాట.
వాడికి ఎముక లేదు. కిరీటం నిలవదు.
తీర్పు చెప్పేంతసేపూ
ఇద్దరు నౌకర్లు చెరో పక్క పట్టుకోవాలి.
ఊరి బావి అడుగున పడుకుని
చేద వేసినవాళ్ల నీడ తాగుతాడు.
నీడ పోయినవాళ్లు ఎండలో పలచబడిపోతారు.
కళావతి వీరులు ముగ్గురు వాడికే బలి.
మూడోవాడు పోయిన రోజు
ఆమె టిఫిను డబ్బా తెరవలేదు.

నాలుగేళ్లకు ఉయికే, నాగపూర్ ఫుట్‌పాత్ మీద,
అనుబంధ గ్రంథం కొన్నాడు.
గట్టి అట్ట. నూట తొంభై పేజీలు.
ప్రతి వాగుకూ పేరు, ప్రతి కనుమకూ సుంకం,
ఏ సత్రంలో పప్పన్నం ఎన్ని రాగి నాణేలో
అన్నీ.
ఎనభై ఎనిమిదో పేజీలో లిచ్:
చచ్చీ చావని మంత్రగాడు, ఎముకల గూడు,
ప్రాణం వేరే పెట్టెలో.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఇదే పంచాయితీ.

"రాసినోడు రాసిందే బరాబర్," ఉయికే.
"రాసినోడు మన యార్డుకు వచ్చిండా?
వచ్చింది కాగితమే," ఓదెలు.

సన్న పుస్తకంలో గది పద్నాలుగు: ఖాళీ.
అంతే, ఒక్క మాట.
"బద్ధకం," అంటాడు ఉయికే.
"ఖాళీ అని రాసి ఊకునేందుకు గుండె గావాలె,"
అంటాడు ఓదెలు.
లావు పుస్తకంలో అదే గది చీపుళ్ల కొట్టు.
నేను ఎటూ తేల్చను.
చీపుళ్లు నచ్చలేదు గానీ
సత్రం ధరలు చదివితే ఆకలేస్తుంది నాకు,
ఆ బజారులో ఉల్లిగడ్డ బేరమాడి వచ్చినట్టు.

మొన్న మాట పెరిగింది.
"మన తప్పే అసలుకన్న మంచిగుంది గదా,"
అని ఓదెలు నవ్వితే
ఉయికే గ్లాసు కింద పెట్టాడు.

"మా ఊరి పేరు ఎన్నడో సర్వే చేసినోడు తప్పు విన్నడు.
గోండిలో ఒకటి, కాగితంలో ఇంకోటి.
ఇప్పుడు బస్సు బోర్డు మీద కూడ అదే తప్పు.
వినేటోనికి మంచిగనే ఉంటది."

మిల్లు సైరను మోగింది.
సెకండ్ షిఫ్టు సైకిళ్లు పోతున్న చప్పుడు.
"అసలు పేరేంది?" ఓదెలు అడిగాడు చివరికి.
ఉయికే చెప్పాడు. మా నోట తిరగలేదు.
మళ్లీ చెప్పాడు. కళావతి పలికింది.
ఓదెలుకు ఐదోసారికి వచ్చింది.

మరుసటి ఆదివారం కథ నడిపింది కళావతి.
ఎముకల మంత్రగాడే సింహాసనం మీద ఉన్నాడు,
ఉయికే పుస్తకంలో ఉన్నట్టే, వేలివేలికీ ఉంగరం.
ప్రాణం పెట్టెలో ఉందని తెలుసుకుని
ఏడు కనుమలు దాటాం, ఏడు సుంకాలు కట్టాం.
మూత తీశాం.
చిలుక లేదు, తుమ్మెద లేదు.
చారెడు నీళ్లలో
ముడుచుకుని
మా జలగ.

ఓదెలు ఉప్పు మూట విప్పాడు, వేయలేకపోయాడు.
ఉయికేనే అన్నాడు: "ఉండనీ."

గది పద్నాలుగు సంగతి మాత్రం తేలలేదు.
లోపల చీపుళ్లున్నాయని ఉయికే.
ఓదెలు ఆ తలుపు
ఎవర్నీ తీయనివ్వడు.