తడి మడిలో చెంబెడు

మొదటి రోజు భయపడ్డాను.
గ్రౌండు వెనక తుమ్మపొదల చాటున
కూర్చుని లేచేసరికి నేల ఎర్రగా ఉంది.
ఇలా అవుతుందని తవుడు మాస్టారు చెప్పడం మరిచిపోయారు.
అడిగితే, ఈల నోట్లోంచి తియ్యకుండానే నవ్వారు:
"దుంప రంగే గుంటా అది, నీ నెత్తురేటి కాదు.
పద, ఇంకో నాలుగు రౌండ్లు."

ఎచ్చెర్ల నుంచి స్కూటీ మీద వచ్చేది మృదుల మేడం.
ఐసు పెట్టెలో బీట్రూట్ రసం సీసాలు,
మూతల మీద అంకెలు తప్ప పేర్లు లేవు.
కొన్నింట్లో నైట్రేట్ ఉంటుందట, కొన్నింట్లో తీసేశారట,
ఏది ఏదో ఆమెకీ తెలీదట.
రంగు ఒకటే, మట్టివాసన ఒకటే,
గొంతు దిగాక మిగిలే ఆ తీపి వెగటూ ఒకటే.

"పరుగుకి రెండున్నర గంటల ముందు తాగాలి.
నీలం రంగు మౌత్‌వాష్ ముట్టుకోవద్దు.
పని చేసేది మీ నాలిక మీద బతికే జీవాలే,
కంటికి కనబడవు, వాటిని చంపుకోకండి."

మౌత్‌వాష్ మా ఇంట్లో ఎవరు చూశారు?
తాటాకు చీలికతో నాలిక గీసుకోవడం గురించి
ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.
మర్నాటి నుంచి మానేశాను, అంతే.
అమ్మ మాత్రం కనిపెట్టేసింది:
"ఏటే, పాచినోటితో పరిగెడితే
పతకాలిస్తన్నారేటి?"

రెండు వారాలు గడిచాయి.
నాగావళిలో కొత్తనీరు దిగింది.
వంతెన మీంచి చూస్తే
నది కూడా ఏదో తాగి వచ్చినట్టే ఉంది.

ఆమదాలవలస నుంచి వచ్చే హైమ కొత్త గుంట,
బూట్లు కొని మూడు నెలలు కాలేదు,
పదిహేను వందల మీటర్లలో
పదకొండు సెకన్లు కోసేసింది.
గెంతింది. మాస్టారి స్టాప్‌వాచీని ముద్దు పెట్టుకుంది.

నాకు?
నాలుగు నిమిషాల ముప్పై ఒకటి పాయింట్ ఎనిమిది కాస్తా
నాలుగు నిమిషాల ముప్పై పాయింట్ తొమ్మిది అయింది.
నేను పన్నెండేళ్లుగా పరిగెడుతున్నాను.

మేడం జాలిపడి చెప్పింది,
సాధన చేసిన ఒంటికి ఇది పెద్దగా పట్టదట.
గుండె ఎప్పుడో పెద్దదైంది,
పిక్కల్లో సన్న కాలవలు ఎప్పుడో తవ్వుకున్నాయి,
ఉన్న గాలినే పొదుపుగా కాల్చడం
ఒళ్లు నేర్చేసుకుంది.
మాస్టారు ఒక్కమాటలో తేల్చేశారు:
"తడి మడిలో చెంబెడు పోస్తే ఏటి తెలుస్తాది?
ఎండిన మడైతే సుయ్‌మంటాది."

మాది కాలవ చివరి పొలం.
చెంబెడు నీళ్ల కోసం అర్ధరాత్రి గట్టు మీద
అన్నదమ్ములు పారలెత్తడం చూశాను.

ఆమె పట్టికలో
నా తొమ్మిది పదోవంతుల పక్కన చిన్న గీత.
లెక్కలోకి రాదని అర్థమట.
గాలివాటం కావచ్చు, ముందురాత్రి నిద్ర కావచ్చు,
మాస్టారి బొటనవేలు కావచ్చు.

వాదించలేదు.
పోయిన నవంబరు రాష్ట్ర పోటీల్లో
కడప పిల్ల భుజం నాకంటే ముందు గీత దాటిన తేడా
నాలుగు పదోవంతులు.
దాన్ని మాత్రం అందరూ లెక్కలోకి తీసుకున్నారు,
రైల్వేలో ఉద్యోగం ఇచ్చేవాళ్లతో సహా.

సీసాల అంకెలు విప్పే రోజు రమ్మంది మేడం.
వెళ్లలేదు.
నా తొమ్మిది వంతులు
ఉత్త సీసాలో దొరికాయంటే
ఏం చేసుకోను వాటిని?

ఇప్పుడు రైతుబజారులో నేనే కొంటున్నాను, రోజుకి అరకిలో.
దుంపలమ్మే గవరమ్మ నా గోళ్లు పట్టి చూసి
"రక్తం తక్కువేటమ్మా?" అంది,
ఆకులు తుంపకుండానే తూచింది.
"ఆకూ వండుకో. పారీకు."

ఇవాళ ఏడున్నరకి పరుగు.
ఐదింటికే తాగేశాను.
గ్యాలరీ మెట్ల మీద చివర్న కూర్చున్నాను,
నోరు పుక్కిలించలేదు,
హైమ పలకరిస్తే తలూపాను, అంతే.
నాలిక మీద ఎవరో పనిలో ఉన్నారు.
చప్పుడు చెయ్యకూడదు.