అయిదో రాత్రి, కరెంటు పోయాక

నా గుండెలో మూడు స్టెంట్లు వేసి
డాక్టర్ కబ్లాన్
నా బతుకులోంచి నూనెను కొట్టేశాడు,
బాల్‌పెన్నుతో ఒక్క గీత గీసి.
అందుకని ఈ ఏడు మా ఇంట్లో
హనుక్కా డోనట్లు ఓవెన్‌లో కాలుతున్నాయి.

"పండగే నూనెది కదే బెర్టా!
పాడుబడ్డ ఆలయంలో దొరికిన ఒక్క బుడ్డి,
ఒకరోజు నూనె ఎనిమిది రోజులు వెలిగింది.
ఆ కథలో ఓవెన్ ఎక్కడుంది?"
"ఆ కథలో నీ కొలెస్ట్రాలూ లేదు,"
అంది, పిండిముద్దనెత్తి బల్లమీద కుదేస్తూ.

ముప్ఫయ్యేళ్లు హైఫా కొండ ఎక్కుతూ దిగుతూ
బస్సు నడిపినవాణ్ణి.
ఎక్కడ బ్రేకు నొక్కాలో తెలుసు.

గోరువెచ్చని పాలు, ఈస్టు, గుడ్ల పచ్చసొన,
నారింజ తొక్క తురుము.
తడిగుడ్డ కప్పి హీటరు పక్కన పెడితే
గంటన్నరకి గుడ్డని నెత్తిన మోస్తూ లేచింది పిండి.
దానికేం తెలుసు, తను వేగబోవడం లేదని.
అంచు పెచ్చూడిన టీగ్లాసుతో కోస్తుంది బెర్టా.
మా ఇంటి డోనట్లన్నిటికీ
ఒక పక్క చిన్న నొక్కు, పుట్టుమచ్చలాగా.

పైఅంతస్తులో ఫ్రేహా వేయిస్తోంది.
మొరాకో చెయ్యి అది,
వేలితో చిల్లు పొడిచి, సాగదీసి, మూకుట్లోకి జారవిడుస్తుంది.
ఆ వాసన స్నానాలగది కిటికీలోంచి మెట్లు దిగినట్టు దిగింది.
పది నిమిషాలు చేతులు కడుక్కున్నాను అక్కడే.

మొదటి ట్రే వచ్చింది.
బుద్ధిమంతుల్లా ఉన్నాయి,
ఆస్పత్రిలో ఆరింటికి ఇచ్చే బన్నులకి చుట్టాలు.
"ఎలా ఉంది?"
"మెత్తగా ఉంది," అన్నాను.
నలభైనాలుగేళ్ల కాపురంలో నేర్చుకున్న జవాబు.
తను ఇంకేం అడగలేదు.
జామ్ సీసా మూత గట్టిగా బిగించింది.

రెండో ట్రే లోపలికి వెళ్లిందో లేదో
సముద్రం మీంచి గాలివాన తోసుకొచ్చింది.
కొండ కొండంతా ఆరిపోయింది.
ఓవెన్ ఒక్క నిట్టూర్పు విడిచి చల్లబడింది.
కిటికీలో అయిదు దీపాలూ,
వాటిని వెలిగించిన ఆరోదీ మిగిలాయి.

అగ్గిపెట్టె కోసం నేనటు వంగితే
"ఆ వెలుతురులో పని చేసుకోకూడదు," అంది,
"అవి చూడటానికే."
కాసేపు చూశాం. నిజంగానే చాలాకాలమైంది,
ఊరికే ఏదైనా చూసి.

తర్వాత రవ్వడబ్బా వెనక చెయ్యి పెట్టింది.
నేను ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే
నూనె సీసాలన్నీ ఫ్రేహాకి ఇచ్చేసిందనుకున్నాను.
ఒకటి ఇవ్వలేదు.
అడుగున రెండు వేళ్ల నూనె.
"పిండి పాడైపోతుంది,"
అంది, నాతో కాదు, మూకుడుతో.

గ్యాసు నీలంగా అంటుకుంది.
ఫోను లైటు పట్టుకుని నిలబడ్డాను
ఆపరేషన్ గదిలో నర్సులా.
ట్రేలోంచి లాగిన తెల్లటి ముద్ద నూనెలో పడి
ఒక్క క్షణం మునిగి, చుయ్యిమని తేలి, పక్కకు దొర్లింది.
నడుం చుట్టూ సన్నటి తెల్లపట్టీ వచ్చింది.
ఓవెన్ ఎన్నటికీ కట్టలేని పట్టీ.

అద్భుతమేం జరగలేదు.
మూడింటికి సరిపోయింది నూనె. నాలుగోది మాడింది.

అడవిగులాబీ కాయల జామ్,
రుమేనియాలో వాళ్లమ్మ పెట్టే ఎర్రటి పులుపు,
చెంచాతో లోపలికి కూరి
సగానికి చీల్చి నా వైపు తోసింది.
"సగమే."
పెదాల మీద పంచదార, చుబుకం మీద నూనె,
నాలుక కాలింది. కాలనిచ్చాను.
బెర్టా తన సగం తినకుండా
నేను నమలడం వింటూ కూర్చుంది.

కరెంటొచ్చింది. ఫ్రిజ్ గుర్రుమంది.
దొంగల్లా మొహాలు చూసుకున్నాం.
తను గబగబా మూకుడు సింకులో ముంచి,
చలిగాలి వస్తున్నా కిటికీ బార్లా తెరిచింది.

పైనుంచి ఫ్రేహా గొంతు:
"బెర్టా! ఏమిటా వాసన?"

"నీదే!" అంది బెర్టా.