ఆమె పాలు

నలభై మూడు ఆవులు మావి.
ఐర్లండ్‌లో వెస్ట్ కార్క్, సముద్రపు గాలి
గేటు గొళ్లేన్ని కూడా వదలకుండా తినే మూల.
తెల్లవారి ఐదున్నరకి మెషీన్ కొట్టుకోవడం మొదలైతే
ఇంటికంతా ఒకటే గుండె.
తాత పితికాడు, నాన్న పితికాడు,
నేను గొట్టాలు తగిలిస్తాను.

ఈమర్ పుట్టిన ఐదో రోజు ఫోను.
మడమ మీద పొడిచి తీసిన నాలుగు నెత్తుటి చుక్కలు
డబ్లిన్ దాకా పోయి మాటగా తిరిగొచ్చాయి:
"పాలు ఆపండి. ఇప్పుడే. తల్లి పాలు కూడా."
ట్యాంకు కడుగుతున్నాను అప్పుడు.
చేతిలో పైపు అలాగే పారుతోంది.
ఇంటి నిండా పాలే,
నాకేం పాలుపోలేదు.

ఆ రాత్రి నోరీన్ వంటగది సింకులో
తన పాలు పిండుకుంది. కుళాయి తిప్పింది.
తిప్పి, చాలాసేపు కట్టలేదు.
మా ఇద్దరిలో చెరో సగం దాగుందట ఆ లోపం.
ఏ తాత ఇచ్చాడో, ఏ ముత్తవ్వ దాచిందో,
పొలం పంచుకున్న వంశంలో
ఇదీ ఒక పాలే.

సోయా పొడితో బతికింది. బతికింది, అది పెద్ద మాట.
ఎముకల సంగతి తర్వాత, తీరిగ్గా వచ్చింది,
ఇల్లు గుర్తున్న అప్పులవాడిలా.

బడిలో బలానికి బొమ్మ గీయమంటే
అందరూ తెల్ల గ్లాసు గీశారట.
మా పిల్ల గ్లాసుకి నల్ల రంగు పూసి తెచ్చింది.
ఫ్రిజ్ మీద అంటించాం. ఒక మూల ఊడింది గానీ ఇంకా ఉంది.

పదమూడేళ్లకి నడుము మీద చిన్న ప్యాచ్,
మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి.
"లోపల ఊరనిది బయట అతికించుకుంటున్నాను" అని
తనే నవ్వింది ఒకసారి. నాకు నవ్వు రాలేదు.
ఆ హార్మోను లేకపోతే ఎముక నిలవదంది డాక్టర్ ట్వోమీ.
సుద్దముక్కల్లాంటి కాల్షియం బిళ్లలు సరే,
ఎండని కూడా ఈ దేశంలో
చుక్కల మందుగా కొనాలి.

పంతొమ్మిదో ఏట కొట్టం ముందు పాకుడు మీద జారింది.
మూరెడు ఎత్తు. మణికట్టు విరిగింది.
స్కానులో మైనస్ రెండు పాయింట్ మూడు.
ఆ అంకెని పాల లెక్కల పుస్తకంలోనే రాసుకున్నాను,
వెన్న శాతానికి కింద. వేరే పుస్తకం లేదు నాకు.

పశువుల సంతలో డొనాల్ అన్నాడు,
"పాడి రైతు కూతురికి ఎముకలు గుల్లా!"
నేను కోడె ధర అడిగాను.

బరువులెత్తాలంది ఫిజియో.
ఎముక బతిమాలితే వినదట,
మోపితే వింటుందట.
జిమ్ము నలభై కిలోమీటర్లు.
దూడల కొట్టం ముప్పై అడుగులు.

రెండు చేతులా రెండు బకెట్లు.
మొదట్లో పావు పావు. చలికాలానికి సగం.
ఇప్పుడు అంచుదాకా, తొణక్కుండా.
దూడలు తలలు దూర్చి కుమ్ముతాయి,
కాళ్లు ఎడంగా పెట్టి నిలబడుతుంది.
చేతి మీద చిందితే ప్యాంటుకి తుడుచుకుంటుంది,
నోటి దాకా రానివ్వదు.
తాగని పాలు తన ఎముకల్లోకి
ఇలా, చేతుల మీదుగా దిగుతున్నాయా?
డాక్టర్‌ని అడగలేదు. కాదంటుందని.

నిరుడు, బాగా మాగిన చీజ్ కొన్ని రకాలు పర్లేదన్నారు.
ఆ చక్కెరని కాలమే తినేస్తుందట.
క్లోనకిల్టీ దాకా పోయి స్విస్ ముక్క కొన్నాను.
ఎవరి ఆవులవో.
ఇరవై నాలుగేళ్ల పిల్ల, కళ్లు మూసుకుని నమిలింది.
"సబ్బులా ఉంది నాన్నా."
ఇంకో ముక్క కోసుకుంది.

మొన్నటి స్కాను మైనస్ రెండు పాయింట్ రెండు.
"పెరిగిందనుకోకండి, జారలేదు, అంతే" అంది డాక్టర్.
రాసుకున్నాను.

ఈ పొద్దున పాల లారీ వెళ్లాక
బోర్లించిన బకెట్ మీద కూచుని అడిగింది,
ఇంతకంటే పెద్దవి దొరకవా అని.
ఇరవై లీటర్లవి ఉన్నాయి.
ధర కనుక్కోవాలి.