కొసరు

తెల్లవారి ఐదింటికి బకెట్లలో నీళ్లు పోస్తాను.
కువెంకా చలి ముందు వేళ్లకే తెలుస్తుంది,
ముఖానికి తర్వాత.
చర్చి గోడ పక్కన మా తొమ్మిది గొడుగులు.
నాది చివరిది, ఎండ ఆలస్యంగా వచ్చేది.
ముప్పై ఒక్క ఏళ్లుగా
లిల్లీలు, కార్నేషన్లు, తెల్ల గ్లాడియోలస్‌లు.
చావుకీ పెళ్లికీ ఒకే బకెట్,
కట్టే రిబ్బన్ ఒక్కటే మారుతుంది.

శనివారం బోణీ దోన్ ఎలియోదోరోది.
వంతెన అవతల సందులో గడియారాలు బాగుచేస్తాడు.
బేరమాడడు. డాలరున్నర
ముందే లెక్కపెట్టి తెస్తాడు,
ఆ నాణేలు అతని పిడికిట్లో వెచ్చబడి ఉంటాయి.
డజను కార్నేషన్లు. ఎర్రవి వద్దు.
నేను పదమూడోది పెడతాను.
కొసరు లేనిది బేరమే కాదనేది మా అమ్మ,
వాళ్లమ్మ దగ్గర నేర్చుకుని.

ఇంట్లో ఎవరికని ఒకసారి అడిగాను.
"ఎవరికీ కాదు. కిటికీలో ఒకటుంది,
దానికి సిగ్గు రావాలని."

ఆర్కిడ్ అట.
సీసాలో గడ్డిపరకంత మొలకగా ఉన్నప్పుడు కొన్నాడట.
మట్టి వద్దంటుంది, బొగ్గూ నాచూ కావాలంటుంది.
నీళ్లెక్కువైతే కుళ్లుతుంది, తక్కువైతే అలుగుతుంది.
వాననీళ్లు పట్టి, మందు సీసా గొట్టంతో
చుక్క చుక్కా పోస్తాడు.
పిండినల్లి పడితే
పళ్లచక్రాలు దులిపే బ్రష్షుతోనే దులుపుతాడు,
కంటికి ఆ భూతద్దం పెట్టుకునే.
ఏడాదికో ఆకు. ఒక్కో ఏడు అదీ లేదు.

నా పువ్వులు ఐదు రోజులు బతుకుతాయి.
అతనిది ఏడేళ్లుగా
చావదు, పూయదు.
"పూసిందా?" అంటాను చిల్లర గల్లాలో వేస్తూ.
"ఆలోచిస్తోంది," అంటాడు.

జూన్‌లో ఒక శనివారం రాలేదు.
అతని డజను విడిగా కట్టి, తడిగుడ్డ చుట్టి పెట్టాను.
హోటల్ కుర్రాడు అడిగితే అమ్మలేదు.
మధ్యాహ్నం వచ్చాడు. చేతిలో చిల్లర లేదు,
నెత్తిన టోపీ కూడా లేదు.
"తర్హేలియా, సాయంత్రం రా.
చీకటి పడ్డాకే వాసన ఇస్తుంది."

నలభై గడియారాలు నలభై టైములు చెప్పే గదిలో
ఒక్కటే పువ్వు.
మీగడ రంగు. పెదవి లోపల తేనె చారలు.
నా చెయ్యి అలవాటుగా కాడ దగ్గరికి పోయింది,
ఎక్కడ కోస్తే బాగుంటుందో చూసుకుంటూ.
వెనక్కి లాక్కున్నాను. అతను చూడలేదు.

వంగాను. పీల్చాను.
ఏమీ లేదు.
ముప్పై ఒక్క ఏళ్ల లిల్లీలు నా ముక్కుని తినేశాయి.
బకెట్ నీళ్ల వాసన ఒక్కటే తెలిసింది,
అది నా శాలువాది.
అతను నా ముఖం వంకే చూస్తున్నాడు,
ఆగిన గడియారాన్ని చెవికి ఆనించి
వినేవాడిలా.

"దాల్చినచెక్క," అన్నాను.
"కాదు," అన్నాడు, "నిమ్మతొక్క."
కాసేపాగి,
"దాల్చిన కూడా ఉందేమోలే."

పై శనివారం మళ్లీ అతనిదే బోణీ.
డజను. ఎర్రవి వద్దు.
"పూసిందిగా, ఇంకెందుకు?"
"ఇప్పుడు వీటికి సిగ్గు రావాలి."

పదమూడోది పెట్టాను.
అతను కోటు జేబులోంచి
న్యూస్‌పేపర్ పొట్లం తీశాడు. లోపల
ముడతలు పడ్డ పాత దుంప,
ఆకు లేదు, వేరు లేదు, ఎండిన అల్లంకొమ్ములా.
"కొసరు," అన్నాడు.
ఎన్నేళ్లు పడుతుందని అడగబోయి ఊరుకున్నాను.
నాకు అరవై మూడు.

ఇంటి వెనక పీచ్ చెట్టు కొమ్మకి కట్టాను,
చావుకీ పెళ్లికీ వాడని
ఆకుపచ్చ రిబ్బన్ వెతికి.
రోజూ బస్సెక్కే ముందు టార్చి వేసి చూస్తాను.
ఏమీ లేదు.
నిన్న మాత్రం కిందివైపు
ఆవగింజంత ఏదో పచ్చగా.
పురుగేమో.
కదల్లేదు మరి.