టక్కుమనాలె

పాలమూరు రైఫిల్ క్లబ్బు వెనక గది.
రేకుల కింద ఎండ ఉడుకుతున్నది.
నా పిస్తోలు బ్యారల్ ఊడదీసి నిలవెట్టి
భద్రాచారి
మందు లేని తూటా ఒకటి లోపలికి జారవిడిచిండు.

"సప్పుడు ఇనవడ్డదా?"
లేదు. మింగుడువడని ముద్దలెక్క
మెత్తగ ఆగింది.
"పొడుగు. ముక్కు గాట్లకు తాకుతున్నది."

నలభై ఏండ్లు ముక్కుపుడకలకు మరలు కోసిన చెయ్యి
డై మీది మరను వెంట్రుకంత తిప్పింది.
మళ్లా నొక్కిండు. మళ్లా పొడుగే.

ఒక్కపారే లోపలికి దించరాదా అన్న.
కోపమొచ్చింది.
"పొట్టిగ చేస్తే మందుకు ఊపిరాడదు పిల్లా.
ఊపిరాడనిది ఊకుంటదా?"

ఏడోసారి, టక్.
బోర్లిస్తే తన బరువుకు తనే
నా అరచేతిల వడ్డది.
నోటుబుక్కుల అంకె రాసి
కింద రెండు గీతలు కొట్టిండు:
"ఇది నీ దానికే. పక్క సుల్తానాది దీన్ని మింగదు."

చారి పోయి రెండు ఎండకాలాలు.
మొన్న వచ్చిన గుండ్ల ముక్కు మొద్దుగున్నది,
ఆ అంకె అక్కరకు రాలె.

ఫ్యాను బందు చేసిన.
బ్యారల్ నిలవెట్టి, చెవి దగ్గరికి వంగి
ఒకటి జారవిడిచిన.

మెత్తగ.