పట్టేసిన వాల్వు

కాసిమేడు ఒడ్డున లాంచీలన్నీ పొట్టలు చూపిస్తున్నాయి.
వేట లేదు, అరవై ఒక్క రోజులు.
నిచ్చెన దిగి ఇంజను గదిలోకి వెళ్తే
డీజిలూ నీచూ నిరుటి చెమటా
ఎక్కడ వదిలానో అక్కడే ఉన్నాయి.

అడుగు పలకల కింద
మోచెయ్యి దాకా దూర్చితేగాని అందని చోట
నీళ్ళు తీసుకునే వాల్వు.
మెడ చుట్టూ పచ్చటి చిలుము.
పిడి పట్టి తిప్పాను.
తిరిగింది నా మణికట్టు.

"పట్టేసింది" అని అరిచాను.
"పుడిచ్చికిచ్చా?" పైనుంచి ఇరుదయం నవ్వాడు.
వాళ్ళ అరవంలోనూ మా తెలుగులోనూ
మెడ పట్టినా వాల్వు పట్టినా ఒకటే మాట.

నాలుగడుగుల పైపు తెచ్చి పిడికి తొడగబోయాను.
లాక్కున్నాడు.
"నిరుడు ఆ పక్క లాంచీవాడు ఇట్టాగే తిప్పాడు.
పిడి ఇంటికి తీసుకుపోయాడు,
వాల్వు ఇక్కడే ఉంది."

కిరసనాయిల్లో గుడ్డ ముంచి దాని మెడకి చుట్టాడు
జ్వరమొచ్చిన పిల్లకి తడిగుడ్డ వేసినట్టు.
"రేపు చూద్దాం."
రేపు కూడా అదే మాట.

రెండు రాత్రులు నాకు పోయిన ఐప్పసి గుర్తొచ్చింది.
పళవేర్కాడు దాటాక
గొట్టం చీలింది.
మోకాలి లోతు చీకటి నీళ్ళు.
ఇదే పిడి, ఇదే మొండితనం,
కోదండం బావ రెండు చేతులా వేలాడినా కదల్లేదు.
చివరికి లుంగీ విప్పి చీలికలో కుక్కి
దాని మీద కూచున్నాడు,
ఎన్నూరు దీపాలు కనపడేదాకా.
రేవులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఆ మర్నాటి నుంచి బావ
గేటు దగ్గర ఐసు కొడుతున్నాడు, ఫైబరు పడవలకి.
లాంచీ మాటెత్తితే
సుత్తి దెబ్బ కాస్త గట్టిగా పడుతుంది.

మూడోనాడు కొయ్యసుత్తితో తట్టాడు ఇరుదయం,
నైట్‌డ్యూటీ చేసొచ్చి పడుకున్నవాడి తలుపు తట్టినట్టు.
వేణ్ణీళ్ళు పోశాడు. మళ్ళీ తట్టాడు.
"ఇప్పుడు తిప్పు. ముందుకి కాదు, వెనక్కి."
నువ్వుగింజంత.
ముందుకి ఇంకో నువ్వుగింజ.
మధ్యాహ్నం సాంబారన్నం వేళకి
వేలెడు.

విప్పితే లోపల ముక్కుసూది కోను,
ఉప్పు కొరికిన గీతలు.
పేస్టు పూసి అరచేతుల మధ్య కవ్వంలా తిప్పాం,
తుడిచాం, పెన్సిలుతో నిలువు గీతలు గీసి
గూట్లో పెట్టి ఒక్క తిప్పు తిప్పి తీశాం.
రెండు గీతలు మిగిలాయి.
మళ్ళీ పేస్టు.
నాలుగోసారి ఒక్క గీతా లేదు.

"నెలకోసారి మూసి తెరువు,
పని లేకపోయినా సరే" అన్నాడు ఇరుదయం
చేతులు రంపప్పొట్టుతో రుద్దుకుంటూ.

సాయంత్రం గేటు దగ్గరికి వెళ్ళాను.
ఐసు కొట్టడం అయ్యేదాకా నిలబడి
"ఒకసారి వచ్చి చూడు బావా" అన్నాను.
దేన్ని అని అడగలేదు.
సుత్తి గోనెసంచి మీద పెట్టి వచ్చాడు.

నిచ్చెన మీద కాసేపు ఆగాడు.
దిగాడు.
రెండు వేళ్ళతో మూశాడు. తెరిచాడు.
మూశాడు.
ఐసుకి తిమ్మిరెక్కిన ఆ వేళ్ళని
పిడి మీదే చాలాసేపు ఉంచి

"గ్రీజు ఎక్కువ పెట్టారు" అన్నాడు.