టార్చి

కోఠీ బ్యాంక్ స్ట్రీట్ల మొదటి దుకాణపాయన
నన్ను అక్కా అన్నడు.
కెమెరా చేతుల పెట్టినంక చెల్లే అన్నడు.
ధర కాడికి వొచ్చేసరికి అమ్మా అన్నడు.

"డాక్టర్ గారి కెమెరా. ఇంట్లనే ఉన్నది.
నెలకొక్కసారి తీసెటోడు."
కోఠీల అమ్మే ప్రతి కెమెరా డాక్టరుదే.
డాక్టర్లందరు ఫోటోలే తీస్తుంటే
ఈ ఊర్ల సూదులెవరేస్తున్నరో!

గా మాట నాకు అప్పుడు తట్టలే.
చిట్టీ ఎత్తిన పైసలు టిఫిన్ డబ్బల పెట్టుకొని పోయిన,
డబ్బ ఖాళీ చేసి వొచ్చిన.
షటర్ ఐదు వేల సార్లే కొట్టిందన్నడు.
నెల తిరక్కముందే, నాచారంల ఒక పెండ్లి,
సరిగ్గ జీలకర్ర బెల్లం కాడ
టక్కుమని ఒక్క చప్పుడు చేసి కన్ను మూసింది.
పెండ్లికొడుకు నవ్వు మొఖం మీద అట్లనే ఆగిపోయింది.
నేను బ్యాగుల చెయ్యి పెట్టి
లేని రెండో కెమెరాను దేవులాడుతున్న.

ఆయన నంబరుకు చేస్తే ఇప్పుడు
ఎక్కడ్నో కోళ్ల ఫారంల మోగుతది.
వాళ్లు మంచోళ్లే. "రాంగ్ నంబరమ్మా,
నీ లెక్కనే ఇంకిద్దరు చేసిండ్రు" అంటరు.

గుజరాతీ గల్లీల మెట్ల కింద
సిబ్గతుల్లా సాబ్ దుకాణానికి బోర్డు లేదు.
ఒకరు కూసుంటే ఇంకొకరు నిలబడాలె.
లెన్సుల బీరువల రాత్రింబగలు చిన్న బల్బు వెలుగుతది,
తేమ తగలకుండ, కోడిపిల్లలకు పెట్టినట్టు.

ఎనభై ఐదు లెన్సు అడిగిన.
తీసిండు. నా దిక్కు చూడలే.
దుకాణంల లైటు బంద్ జేసి
అద్దం ఎనక నుంచి టార్చి ఏసిండు.
"ఇధర్ దేఖో."
లోపల, అంచుకు,
సాలెపురుగు కాళ్లంత సన్నటి తెల్లటి పోగులు.

నేనడగలే. అడిగే తెలివి గూడ నాకు లేదు.
"బూజు. తుడిస్తే పోతది,
రెండు వానకాలాలకు మల్ల వొస్తది.
గిది లేకుంటే పద్నాలుగు వేలు. ఉన్నది కాబట్టి తొమ్మిది."
తప్పును గూడ తరాజుల ఏసి
ధరల నుంచి తీసేసెటోన్ని
నేనదే మొదటిసారి చూసుడు.

వారం రోజులు తీసి చూడు,
నచ్చకుంటే పట్టుకరా అన్నడు.
ఎనిమిదో రోజు నేను మల్లాపూర్ల ఒక బారసాలల
ఉయ్యాల మీద ఒరిగి ఉన్న.

నాలుగేండ్లయినంక ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ
బండి మీద నుంచి బ్యాగు పడ్డది.
పైన గీత లేదు.
చెవి కాడ పెట్టి ఊపితే మాత్రం
లోపల ఆవగింజంత చప్పుడు.
ఊపకుంటే తెల్వది.

అమ్ముదామని బస్సెక్కిన. లెన్సు ఒడిల.
తార్నాక దాక, చెప్పొద్దనుకున్న.
విద్యానగర్ దాక, అడిగితే చెప్దామనుకున్న.
కాచిగూడ కాడ బస్సు గుంతల పడి
ఆ ఆవగింజ నాకొక్కదానికే వినొచ్చింది.

"సాబ్, పడ్డది," అన్న, ఇంక మెట్లు దిగకముందే.
"లోపల ఏదో కదులుతది. బూజు గూడ వొచ్చింది, మీరన్నట్టే."
"ఎప్పుడొచ్చింది?"
"మూడో వానకాలం."
"ఒక ఏడు ఎక్కువే ఆగింది," అని నవ్విండు.

నమ్మిండు.
నమ్మి గూడ లైటు బంద్ జేసి టార్చి ఏసిండు,
చెవి కాడ పెట్టుకొని రెండుసార్లు ఊపిండు.
నాకేం చిన్నతనమనిపియ్యలే.
చీకట్ల ఇద్దరం ఒకటే అద్దంలకెళ్లి
ఒకటే బూజును చూస్తున్నం.

మూడున్నర అన్నడు. నాలుగన్న.
మూడు వేల ఎనిమిది వందల కాడ తెగింది.
ఆయన మనుమడు చిట్టీ మీద రాసి దారంతోని కట్టిండు:
పడ్డది. చప్పుడున్నది. బూజు.

కింద నా పేరు, నా నంబరు గూడ
రాయమన్న.